సెల్‌ఫోనులో తెలుగు బడి: ఏ యాప్‌లు ఉంచాలి, ఏవి తీసివేయాలి?



"పిల్లవాడికి తెలుగు నేర్పడానికి మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి" అని అవినాశి, తిరుప్పూరు, కోయంబత్తూరు ప్రాంతాల తల్లిదండ్రులు తరచుగా అడుగుతూ ఉంటారు. అడగడంలో తప్పు లేదు. బనియను కంపెనీలో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే తల్లికి, వ్యాపారం మీద ఊళ్లు తిరిగే తండ్రికి, పిల్లల పక్కన పలక పట్టుకొని కూర్చొనే తీరిక ఉండదు. తెలుగు చెప్పేవారు దొరకని బడులు ఎన్నో. సెల్‌ఫోను మాత్రం దాదాపు ప్రతి ఇంటా ఉన్నది. అయితే ఒక యాప్ పేరు చెప్పి ఊరుకొంటే అది సమాధానం కాదు. మన పిల్లలకు కావలసినది ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఫోనులో ఏది ఉంచాలన్న నిర్ణయం ఆ తరువాతి మాట.

మన పిల్లలు ఏ కోవకు చెందినవారు?

తెలుగు నేర్పుతామని చెప్పే యాప్‌లు చాలా వరకు రెండు రకాల పిల్లలను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. మొదటి రకం హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగే పిల్లలు. వారికి బడిలోనూ, బస్సు బోర్డు మీదనూ, కిరాణా కొట్టు పేరులోనూ తెలుగు అక్షరం కనబడుతూనే ఉంటుంది. రెండవ రకం అమెరికాలోనో మరొక దేశంలోనో పెరుగుతూ, మాట కూడా కొత్తగా నేర్చుకోవలసినవారు.

మన పిల్లలు ఈ రెండింటికీ చెందరు. విజయనగర, నాయక రాజుల కాలం నుండి ఈ గడ్డ మీద స్థిరపడిన కుటుంబాల వారసులు వీరు. 2011 జనగణనలో తమిళనాట తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకొన్నవారు 42 లక్షలకు పైబడి ఉన్నారు. అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం, తమిళం తరువాత స్థానం తెలుగుదే. మన ఇంటి పిల్లవాడు అవ్వతో తెలుగులో పోట్లాడగలడు, తెలుగులో అలగగలడు. కానీ తెలుగులో తన పేరు వ్రాయమంటే తమిళ అక్షరాలలోనో ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసి చూపుతాడు. మాట ఉన్నది, లిపి లేదు. వాడికి "ఇది ఆవు, ఇది పిల్లి" అని చెప్పే బొమ్మల యాప్ ఎందుకు? వాడికి ఆవు తెలుసు. 'ఆవు' అని వ్రాయడమే తెలియదు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మనకు భారమూ కాదు, అవమానమూ కాదు; మనం బ్రతుకుతున్నది ఆ భాష మధ్యనే. కానీ బడి గంటలలో తెలుగుకు చోటు తగ్గినప్పుడు, ఆ లోటు ఇంటిలో పూడాలి. ఫోను విలువ అక్కడే.

అక్షరమాల యాప్‌లను తీసివేయండి

మొదటగా, వేలు తాకగానే "అ అంటే అమ్మ" అని పలికి, చప్పట్లు కొట్టి, మధ్యమధ్య ప్రకటనలు చూపే యాప్‌లను తొలగించమని కోరుతున్నాను. వాటి ముందు పిల్లవాడు ప్రేక్షకుడు మాత్రమే. నెల తిరిగేసరికి యాభై ఆరు అక్షరాలూ పాటగా వల్లిస్తాడు. 'క్షేత్రం' అని వ్రాయమంటే చేయి కదలదు.

మన పిల్లల అసలు చిక్కు వేరు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నింటికీ ఒకే అక్షరం. త, ద లకూ అంతే; ప, బ లకూ అంతే. అందువల్ల తమిళ చదువుకు అలవాటుపడిన పిల్లవాడు 'గాలి'ని 'కాలి' అని, 'బాట'ను 'పాట' అని, 'దాత'ను 'తాత' అని వ్రాస్తాడు. నోటితో సరిగానే పలుకుతాడు, చేతితో తప్పు వ్రాస్తాడు. ఒత్తులు మరొక చిక్కు. తమిళంలో పుల్లి చుక్క పెట్టి అక్షరాలను పక్కపక్కనే వ్రాస్తారు. తెలుగులో రెండవ హల్లు కిందికి దిగుతుంది. ఈ రెండు చిక్కులను విప్పడానికి తోడ్పడేదే మనకు పనికివచ్చే యాప్.

నేను ఉంచమనేవి

ఒకటి, చేతివ్రాత గల కీబోర్డు. గూగుల్ వారి జీబోర్డులో తెలుగును చేర్చుకొన్నప్పుడు చేతివ్రాత పద్ధతిని ఎంచుకోండి. పిల్లవాడు తెర మీద వ్రేలితో వ్రాస్తే అది అచ్చు అక్షరంగా మారుతుంది. ఒత్తు తప్పుగా వ్రాస్తే వేరొక అక్షరం వస్తుంది. ఎవరూ కసరకుండానే తప్పు తెలిసిపోతుంది. మీరు 'గాలి, కాలి, బాట, పాట' అని పది మాటలు చెప్పి వ్రాయించండి. ఒక్క జాగ్రత్త: మాటలను ముందుగా ఊహించి చూపే సూచనల వరుసను సెట్టింగులలో ఆపివేయండి. లేకుంటే వ్రాసేది ఫోను, నొక్కేది పిల్లవాడు అవుతుంది. వ్రేలితో వ్రాసిన పదింటిని ఆ తరువాత నోటుబుక్కులో కలముతో వ్రాయించడం మరువకండి.

రెండు, స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో నెలకొల్పిన కథల భాండారమిది. ఫోనులోని బ్రౌజరులోనే తెరుచుకొంటుంది. చదివే శక్తిని బట్టి కథలను మెట్లుగా విభజించి ఉంచారు. ఇందులో మనకు ప్రత్యేకంగా ఉపకరించేది ఒకటి ఉన్నది: ఒకే కథ, అవే బొమ్మలతో, తమిళంలోనూ తెలుగులోనూ దొరకడం. పిల్లవాడు ముందు తమిళంలో చదివి కథ తెలుసుకొంటాడు. పిదప అదే పుటను తెలుగులో తెరిస్తే, అర్థం తెలిసిన వాక్యాన్ని అక్షరాలు కూడబలుక్కొంటూ చదువుతాడు. తమిళం ఇక్కడ పోటీదారు కాదు, నిచ్చెన. పైగా ఇవి స్వేచ్ఛా హక్కులతో వెలువడినవి గనుక దింపుకొని అచ్చు వేయించి తరగతిలో పంచవచ్చు. యాప్‌లు ఈనాడు ఉండి రేపు మాయమవుతాయి. కాగితం మీద వేసిన కథ బడిలో మిగులుతుంది.

మూడు, బిగ్గరగా చదివించే యాప్. గూగుల్ సంస్థ 2019లో 'బోలో' పేరుతో తెచ్చి, 2020లో 'రీడ్ ఎలాంగ్' అని పేరు మార్చినది ఈ కోవకు చెందుతుంది. తొలుత హిందీ, ఇంగ్లీషులతో వచ్చిన దీనిలో తరువాత తెలుగు కూడా చేరింది. పిల్లవాడు చదువుతుంటే విని, తడబడిన మాటను పలికి చూపుతుంది. దీని గురించిన హెచ్చరిక కిందనే చెబుతాను.

నాలుగు, నిఘంటువు. ఇది పిల్లలకంటె ఉపాధ్యాయులకు ఎక్కువ అవసరం. ఆంధ్రభారతి జాలస్థలంలో బ్రౌను నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైనవాటిలో ఒకేసారి వెదకవచ్చు. మన ఇండ్లలో వాడే పాత మాట ఒకటి "తప్పు తెలుగు" అని ఎవరైనా అంటే, అక్కడ వెదికి చూడండి. చాలాసార్లు అది తప్పు కాదు, పాతది మాత్రమే అని తేలుతుంది.

ఐదు, అక్షరముఖ. ఒక లిపిలోని పాఠాన్ని మరొక లిపిలోకి మార్చే సాధనం. తెలుగు చదవలేని తల్లిదండ్రులు పిల్లల పాఠాన్ని తమిళ అక్షరాలలోకి మార్చుకొని తోడుగా కూర్చొనవచ్చు. 'గ' వచ్చినచోట తమిళ 'క' పక్కన చిన్న 3 అంకె వేసి చూపుతుంది గనుక ఉచ్చారణ కూడా చెడదు. అయితే ఇది పెద్దల చేతికే. పిల్లల చేతికిస్తే తెలుగు లిపి అక్కరలేదన్న భ్రమ కలుగుతుంది.

యంత్రానికి మన యాస తెలియదు

ఇప్పుడు ఆ హెచ్చరిక. ఫోనులో మాట్లాడితే తెలుగు అక్షరాలుగా మారే సదుపాయాన్ని గూగుల్ 2017లో తెచ్చింది. మంచిదే. కానీ ఈ యంత్రాలు పుస్తకాల తెలుగును, టీవీ తెలుగును ఎరిగినంతగా మన ఇండ్ల తెలుగును ఎరుగవు. 'యాడ', 'ఆడ', 'వస్తా ఉండా' అన్న మాటలను పిల్లవాడు పలికినప్పుడు యంత్రం తడబడితే, వాడు తన అవ్వ మాటే తప్పనుకొంటాడు. అటువంటి పిల్లవాడు మొదట యంత్రం ముందు, ఆ తరువాత చుట్టాల ముందు, చివరకు ఇంటిలోనూ తెలుగు మాట్లాడడం మానుకొంటాడు. కాబట్టి చదివించే యాప్ ఎదుట పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. "పుస్తకంలో ఎక్కడ అని ఉంటుంది, మనం యాడ అంటాం, రెండూ తెలుగే" అని చెప్పడానికి ఒక మనిషి పక్కన ఉండాలి.

యంత్రం తప్పు చేయదన్న నమ్మకం ఉంటే 2018 ఫిబ్రవరిని గుర్తుచేసుకోండి. 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోనులలో యాప్‌లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేయవలసి వచ్చింది. మన పిల్లవాడు రెండవ తరగతిలో నేర్చే 'జ్ఞానం'ను మోయలేకపోయిన యంత్రం, వాడి యాసకు మార్కులు వేయడానికి తగునా?

అన్నింటికంటె మిన్న ఏది?

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, ఫోనుతో పాటే వచ్చే శబ్దగ్రాహకాన్ని, అంటే వాయిస్ రికార్డరును ఎంచుకొంటాను. ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో గొప్ప కథకుడై, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్నారు. తన కరిసల్ సీమ జనం నోటి మాటలను ఏరి ఒక మాండలిక నిఘంటువు కూడా కూర్చారు. ఆయన చెవితో విని చేసిన పనిని చేయడానికి నేడు మన జేబులోనే పరికరం ఉన్నది. పిల్లవాడు వారానికి ఒకసారి అవ్వ చేత ఒక కథనో, సామెతనో, వంట పద్ధతినో చెప్పించి రికార్డు చేయాలి. తరువాత విని, ఐదు వాక్యాలు తెలుగు అక్షరాలలో వ్రాయాలి. వినడం, వ్రాయడం, యాస పట్ల గౌరవం, మూడూ ఒకే పనిలో సమకూరుతాయి. డబ్బు ఖర్చు లేదు, ప్రకటనల బెడద లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీలో తెలుగు అక్షరం వచ్చినవారు బంధువులకు పంపే వాట్సాప్ సందేశాలను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టడం మానండి. పిల్లలు మనం చెప్పినది చేయరు, చేసినది చేస్తారు. అమ్మ ఫోనులో తెలుగు అక్షరం కనబడని ఇంట ఏ యాప్ పెట్టినా అది ఆటవస్తువే.

ఉపాధ్యాయ మిత్రులకు మరొకటి. రోజుకు పదిహేను నిమిషాలు మించి ఫోను పని ఇవ్వకండి. ఐదు నిమిషాలు చేతివ్రాత, పది నిమిషాలు కథ. వారాంతంలో అవ్వ మాటల రికార్డు. ఒక నెల జరిపి, నెల మొదటనాటి నోటుబుక్కు పుటను చివరినాటి పుటతో పక్కపక్కన పెట్టి చూడండి. 'కాలి, గాలి' తేడా చేతికి వచ్చిందో లేదో ఆ రెండు పుటలే చెబుతాయి. వచ్చి ఉంటే కొనసాగించండి. రాకుంటే ఆ యాప్‌ను తీసివేయడానికి వెనుకాడకండి.