బండి సంగతులు: నీళ్లు ఎక్కడ ఆగినవి?

ఈ నెల ట్రాక్టరు క్లచ్చు గురించి వ్రాస్తానని మాట ఇచ్చి ఉన్నాను. అది వచ్చే సంచికకు జరుపుతున్నాను, క్షమించండి. మెండోరలో ఒక సహోదరుడు చెప్పిన సంగతి నా మనసులో నుండి పోవడం లేదు, గనుక ముందు అదే వ్రాస్తున్నాను.

ఆయనది రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ట్రాక్టర్లు, పసుపు చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు, బావి మోటార్లు, ఏది తెచ్చినా కాదనడు. ఆయన అక్క కొడుకు దుబాయిలో ఒక గ్యారేజీలో పని చేస్తున్నాడు. పానా పట్టడం ఈ షెడ్డులోనే నేర్చుకొని పోయిన పిల్లవాడు. ఒక రాత్రి పదకొండు గంటలకు మేనమామకు ఫోను చేశాడు. అక్కడ అప్పటికి తొమ్మిదిన్నర.

“మామా, పడుకున్నవా? నేనొక తప్పు చేసిన.”

సంగతి ఏమిటంటే, వారి గ్యారేజీకి ఒక పాత స్పోర్ట్స్ కారు వచ్చింది. పోర్షే 944. జర్మనీ వారు 1982 నుండి 1991 వరకు తయారు చేసిన బండి. దాని హెడ్‌లైట్లను కడిగే వాషర్లు పని చేయడం లేదు. “పాత బండి, పంపే పోయుంటది” అని ఫోర్‌మన్ అన్నాడు. ఈ అబ్బాయి చూడకుండానే ఔనన్నాడు. యజమానికి కూడా అదే చెప్పారు. కొత్త పంపుకు జర్మనీకి ఆర్డరు వెళ్లింది, డబ్బు కట్టేశారు. ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు అబ్బాయి బటన్ నొక్కి చూస్తే పంపు తిరుగుతున్న శబ్దం వినిపించింది. అప్పటి నుండి అతనికి అన్నం సయించలేదట.

హెడ్‌లైట్లు కడిగే వాషర్లను మనలో చాలామంది చూసి ఉండరు. ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు ఇప్పుడు అందరికీ తెలిసినదే. అలాంటిదే బంపర్ మీద, దీపాల ముందు కూడా ఉంటుంది. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బురద దీపాలకు అంటుకొని వెలుగు తగ్గిపోతుంది. అందుకే స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ 1970లోనే దీపాలను తుడిచి కడిగే ఏర్పాటు పెట్టింది. తరువాత జినాన్ దీపాలు వచ్చాయి. 2000 ల్యూమెన్ల కంటే ఎక్కువ వెలుగునిచ్చే అలాంటి దీపాలకు కడిగే ఏర్పాటు తప్పనిసరి అని ఐరోపా వాహన నియమాలు చెబుతున్నాయి. కారణం వెలుగు తగ్గడం ఒక్కటే కాదు. మట్టి పట్టిన అద్దం వెలుగును నలువైపులా చెదరగొట్టి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. మన కన్ను గుడ్డిదవుతుంది, అవతలివాడి కన్నూ గుడ్డిదవుతుంది. ఎడారి దుమ్ములోనైనా, ఆర్మూర్ దారి దుమ్ములోనైనా ఇదే జరుగుతుంది.

మెండోర మామ తన జీవితంలో హెడ్‌లైటు వాషర్‌ను చూడలేదు. “నాకు తెల్వది అల్లుడా” అని ఫోను పెట్టేయవచ్చు. ఆయన పెట్టలేదు. “డబ్బల నీళ్లు, ఒక పంపు, ఒక పైపు, కొసకు నాజిల్. అంతే గదా? మన స్ప్రేయర్ కూడ గంతే” అన్నాడు. ఈ మాట నాకు చాలా నచ్చింది. కొత్త యంత్రాన్ని చూసి భయపడే వారికి సగం వైద్యం ఈ మాటలోనే ఉన్నది.

ఆయన వేసిన మొదటి ప్రశ్న, “డబ్బల నీళ్లున్నయా?” నవ్వకండి. నా దగ్గరకు వచ్చిన అద్దం వాషర్ ఫిర్యాదుల్లో ఖాళీ డబ్బాలు ఎన్నో లెక్క లేదు. రెండవ ప్రశ్న, “దీపాలు వేసి నొక్కినవా?” ఇది ఆయన ఊహించి అడిగాడు, సరిగ్గానే ఊహించాడు. చాలా కార్లలో హెడ్‌లైట్లు వెలిగి ఉంటేనే ఈ వాషర్లకు కరెంటు అందుతుంది. కొన్ని బండ్లలో దీనికి వేరే బటన్, కొన్నింటిలో అద్దం కడిగే మీటతోనే ఇవీ కదులుతాయి.

“ఫోను పంపు దగ్గర పెట్టి నొక్కు” అన్నాడు మామ. మెండోరలో మంచం మీద కూర్చొని దుబాయి పంపు శబ్దం విన్నాడు. గుయ్‌మని ఒక్క క్షణం మోగి ఆగింది. ఈ పంపులు ఎక్కువ సేపు తిరగడానికి చేసినవి కావు. గట్టి ఒత్తిడితో కొద్ది క్షణాలు చిమ్మి ఆగాలి. అందుకే మధ్యలో రిలే ఉంటుంది. అందుకే నీళ్లు లేకుండా పదే పదే నొక్కరాదు, లోపలి సీళ్లు అరిగిపోతాయి.

శబ్దమే రాకపోతే దారి వేరు. అప్పుడు ఫ్యూజు చూడాలి, తరువాత రిలే, తరువాత పంపు కనెక్టరు దగ్గర టెస్టింగ్ బల్బు పెట్టాలి. ఒకరు బటన్ నొక్కుతుంటే ఇంకొకరు చూడాలి. బల్బు వెలిగి పంపు తిరగకపోతే అప్పుడే పంపు మీద నేరం మోపవచ్చు. బల్బు వెలగకపోతే లోపం వైరులో ఉంది, లేదా తుప్పు పట్టిన ఎర్త్‌లో ఉంది. ఫ్యూజు మళ్లీ మళ్లీ కాలిపోతుంటే పంపు బిగుసుకుపోయి ఉండవచ్చు. కాలిన ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టే అలవాటు మన ఊళ్లలో ఉన్నది. అది వద్దు. ఫ్యూజుకు బదులు బండి కాలుతుంది.

ఇక్కడ పంపు తిరుగుతున్నది. అయినా మామ “పంపు మంచిగున్నది” అని వెంటనే తీర్పు ఇవ్వలేదు. మోత ఉన్నంత మాత్రాన ఒత్తిడి ఉన్నట్టు కాదు. పంపు నుండి బయటికి వచ్చే పైపును ఊడదీసి, ఒక ఖాళీ సీసాలోకి పెట్టి నొక్కమన్నాడు. నీళ్లు పిల్లల పాల సీసాలో నుండి కారినట్టు కారాయి. ఫోర్‌మన్ ఈ దశలో చూసి ఉంటే “చెప్పలేదా, పంపే” అని ఉండేవాడు.

“గిప్పుడు పంపును డబ్బ నుంచి పీకు. నోట్ల జాలి ఉంటది, చూడు” అన్నాడు మామ. రబ్బరు వాషర్‌లో నుండి పంపును మెల్లగా లాగితే, దాని నోటి దగ్గరి జాలి నిండా బంక. ఆ కారు ఎక్కువ కాలం నిలిచి ఉన్నది. డబ్బాలో పాత నీళ్లు పాకుడు పట్టి అడుగున పేరుకున్నాయి. పంపును విడిగా బకెట్టు నీళ్లలో ముంచి, రెండు తీగలు కలిపితే నీళ్లు గ్యారేజీ గోడకు తగిలాయట. పంపుకు ఏ రోగమూ లేదు, దానికి నీళ్లు అందడం లేదు అంతే. మన బావి మోటారు ఫుట్‌వాల్వుకు చెత్త పట్టినప్పుడు మోటారు మోగుతూనే ఉంటుంది, కాలువలోకి నీళ్లు రావు. అదే రోగం.

డబ్బా కడిగి, జాలి తుడిచి, తిరిగి బిగించి నొక్కితే కుడి దీపం మీద జోరుగా చిమ్మింది. ఎడమ వైపు మాత్రం నాజిల్ నుండి బొట్లు. ఇక్కడ అబ్బాయి మళ్లీ కంగారు పడ్డాడు. మామ నవ్వాడట. “డ్రిప్పుల ఒక్క లైను ఆగితే మోటారు విప్పుతమా?” రెండు వైపులకు నీళ్లను పంచే టీ దాటిన తరువాతే లోపం ఉంది, అంటే ఎడమ పైపులోనో, ఎడమ నాజిల్‌లోనో. పైపు ఊడదీస్తే నీళ్లు వస్తున్నాయి. నాజిల్ రంధ్రంలో తెల్లటి పెచ్చు. వంటగిన్నె అడుగున పట్టే పెచ్చు లాంటిదే, ఉప్పునీళ్ల పని.

సూదితో పొడవబోతే మామ ఆపాడు. స్ప్రేయర్ నాజిల్‌ను ముల్లుతో పొడిచి రంధ్రం పెద్దది చేసుకున్న రైతు మందు ఎలా పాడవుతుందో ఆయనకు బాగా తెలుసు. రంధ్రం పెద్దదైతే ధార దీపం మీద పడదు, రోడ్డు మీద పడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నాజిల్‌ను రాత్రంతా నానబెట్టి, పొద్దున పళ్ల బ్రష్షు పోగుతో తీస్తే సరిపోయింది. కొన్ని కొత్త కార్లలో నాజిల్ నీళ్ల ఒత్తిడికి బయటికి వచ్చి, స్ప్రింగు లాగగానే లోపలికి పోతుంది. అది దుమ్ముకు ఇరుక్కుంటే ముందు నీళ్లతో కడగండి, గుంజకండి.

ఇంతవరకు యంత్రం కథ. అబ్బాయి భయం ఇంకొకటి. “ఎవరికీ చెప్పకుండ కొత్త పంపు వచ్చినంక గదే బిగిస్తే ఎవనికి తెలుస్తది మామా? యజమాని పైసలు కట్టిండు, పని అయింది.” ఫోర్‌మన్ సలహా కూడా అదేనట. మామ కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ మనిషికి నువ్వే చెప్పినవు గదా పంపు పోయిందని. నువ్వే చెప్పు, పోలేదని” అన్నాడు. మరునాడు యజమాని వచ్చినప్పుడు అబ్బాయి జాలిలో తీసిన బంకను ఒక మూతలో పెట్టి చూపించాడు. ఆయన కోపపడ్డాడు, చాలాసేపు అరిచాడు, కారు తీసుకొని పోయాడు.

మన సంగతికి వస్తే, మెండోరలో ఎవరి ట్రాక్టరుకూ దీపాలు కడిగే పంపు లేదు. కాని పసుపు తవ్వకాలు మొదలైతే జనవరి నుండి రోడ్డు మీద దుమ్ము లేవని పూట ఉండదు. ఉడకబెట్టి, ఆరబెట్టి, డ్రమ్ములో వేసి మెరుగు పట్టిన పసుపును నిజామాబాద్ మార్కెట్టుకు, ఒక్కోసారి మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీల్లో రాత్రంతా తీసుకుపోతారు. వెనుక లైటు లేని ట్రాలీలు అదే దారిలో ఉంటాయి. బయలుదేరేముందు తడిబట్టతో దీపాలు, వెనుక ఎర్ర లైట్లు తుడవడానికి రెండు నిమిషాలు చాలు. పాత బండ్ల గాజు దీపాలు కొంత రుద్దుడును ఓర్చుకుంటాయి. ఇప్పటి కార్ల దీపాలు ప్లాస్టిక్‌వి. ఎండకు పసుపుబారుతాయి, పొడిబట్టతో దుమ్మును రుద్దితే గీతలు పడతాయి. బూడిద, పీచు అసలు వద్దు. ముందు నీళ్లు పోసి దుమ్మును జార్చి, తరువాత మెత్తటి బట్ట.

అద్దం కడిగే డబ్బాలో బోరు నీళ్లకు బదులు వానాకాలంలో పట్టిన వాన నీళ్లు పోస్తే నాజిళ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. సబ్బుపొడి వేయకండి, అడుగున గడ్డకడుతుంది. కొందరు విదేశాల నుండి నీలిరంగు వాషర్ ద్రవం తెస్తుంటారు. చలిదేశాల కోసం చేసిన వాటిలో మిథనాల్ ఉండవచ్చు, అది విషం. దాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టిన ఇల్లు నేను చూశాను. ఆ పని ఎన్నడూ చేయకండి, ఇంట్లో పిల్లలు ఉంటారు.

నిన్న మెండోర మామ మళ్లీ కనిపించాడు. జర్మనీ నుండి పంపు వచ్చిందట, గ్యారేజీ అరలో పెట్టె విప్పకుండా ఉన్నదట. దాని ఖరీదు అబ్బాయి జీతంలో కోస్తారా, ఫోర్‌మన్ జీతంలో కోస్తారా అన్నది నెలాఖరుకు తెలుస్తుంది. ఆ కారు యజమాని మాత్రం తన రెండో బండిని పోయిన వారం అక్కడికే తెచ్చాడట, ఈ అబ్బాయే చూడాలని అడిగి.