గణనకందని వంటచెరకు

హైదరాబాదు నానక్‌రాంగూడలో ఆకాశమునంటు సౌధముల చెంత, కూలీల రేకుల గుడిసెల ముందు, మూడురాళ్ల పొయ్యిలో మేకులింకను ఊడని సెంట్రింగు చెక్కలు మండుచుండును. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ గణనలో చైనా వంటచెరకు ఉత్పత్తి దశాబ్దములుగా క్షీణించుచుండగా, భారతదేశపుది ఏటా సుమారు 30 కోట్ల ఘనమీటర్ల వద్దనే నిలిచియున్నది. ఈ తారతమ్యమును చూచి పల్లెల వెనుకబాటును నిందించువారు, ఆ గణన చెట్లనుండి సేకరించిన కలపకే గాని వాడి పారవేసిన చెక్కకు వర్తింపదని గమనింపరు. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకములు గ్యాసు కనెక్షన్ల నొసగినను, పని వెంట ఊళ్లు మారు కుటుంబమునకు సిలిండరు నింపించు సొమ్ము నెలనెలా సమకూరుట దుర్లభము. కావున దేశముల పురోగతిని కలప రాశులతో గాక, పొగ మ్రింగుచు వండు తల్లుల సంఖ్యతో కొలువవలెననియు, నగరమును నిర్మించు చేతులకు వంటగ్యాసు సమకూర్చుట నిర్మాణ సంస్థల విధిగా ప్రభుత్వము శాసింపవలెననియు నా దృఢాభిప్రాయము.