కుక్కపిల్ల వసారా తడిపితే...

మా కురబలకోట పల్లెల్లో పిల్లలు మారాం చేస్తే చాలు, కళ్ళు తెరవని కుక్కపిల్లను కూడా పట్టుకొచ్చేస్తారు. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండనివ్వండమ్మా. ఎంత గట్టిగా కొరికితే నొప్పో అది అక్కడే నేర్చుకుంటుంది.

వసారా తడిపిందని ముక్కు నేలకు రాసి కొడుతున్నారా? మీరంటే భయం తప్ప దానికేమీ అర్థం కాదు. ఆపైన మీ కంటపడకుండా మంచం కింద పోస్తుంది! నిద్ర లేవగానే, సంగటి తినగానే పెరట్లోకి తీసుకెళ్ళండి. పని కాగానే మెచ్చుకోండి. సంగటిలో ఉల్లిపాయ వేసిన పులుసు మాత్రం కలపొద్దు, దాని రక్తానికి చెరుపు.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. ఆటలో పిల్లలకు పన్ను దిగినా, గీరినా కారం, సున్నం అద్దకండి. పావుగంట సేపు సబ్బు రాసి నీళ్ళ ధార కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.