అరకు రైలు యాత్ర: మకాం విశాఖలోనా, కొండపైనా?

దసరా సెలవుల నుంచి సంక్రాంతి వెళ్లేదాకా విజయవాడ, గుడివాడ, బందరు వైపు నుంచి అరకు బయలుదేరే కుటుంబాలు ఎక్కువ. రైల్లోనే వెళ్లాలి, పిల్లలకు సొరంగాలు చూపించాలి అన్నదాకా ఇంట్లో అందరిదీ ఒకే మాట. తేడా వచ్చేది గది ఎక్కడ తీసుకోవాలన్న దగ్గరే. విశాఖలో ఉండి అరకును ఒక్కరోజులో చూసి వచ్చేద్దామని ఒకరంటారు. కొండపైనే రెండు రాత్రులు ఉందామని ఇంకొకరు. గది అద్దెలు పక్కనపెట్టి రైలు వేళలు, రిజర్వేషన్ నిబంధనలు చూస్తే ఈ రెండూ సమానం కావు.

ముందు ఆ లైను సంగతి తెలియాలి. కొత్తవలస-కిరండూల్ మార్గం పర్యాటకుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి అక్కడి నుంచి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960ల్లో జపాన్ సహకారంతో నిర్మించారు. ఈ మార్గం మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. దారిలోని శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇప్పటికీ ఈ పట్టాల మీద పెద్దపీట గూడ్సు బళ్లదే. రెండో లైను పనులు సాగుతున్నాయి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే రాకపోకలు ఆగిపోతాయి. అందుకే ఇక్కడ టైమ్‌టేబుల్‌ను నమ్మి గంట లెక్కన ప్లాన్ వేసుకోకూడదు.

పగటిపూట ఘాట్ చూపించే ప్రధానమైన రైలు విశాఖ-కిరండూల్ పాసింజరే. ఉదయం ఏడు లోపే విశాఖలో బయలుదేరి, దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. కిరండూల్ వైపు నుంచి వచ్చే జోడీ రైలు సాయంత్రం అరకు దాటి, రాత్రికి విశాఖలో దించుతుంది. ఇదికాక కిరండూల్‌కు రాత్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. కానీ చీకట్లో సొరంగానికీ బయటికీ తేడా ఏం తెలుస్తుంది? సీజన్‌లో రైల్వే అప్పుడప్పుడు ప్రత్యేక రైళ్లు వేస్తుంది, వాటి మీద ఆశపెట్టుకుని గది బుక్ చేయడం మాత్రం మంచిది కాదు.

విశాఖ మకాం: ఎక్కడ చిక్కు

విశాఖలో ఉండి ఒక్కరోజులో వచ్చేయాలంటే పొద్దున రైలెక్కి, మధ్యాహ్నానికి ముందు దిగి, సాయంత్రం రైలు అందుకోవాలి. చేతిలో ఉండేది ఐదారు గంటలు. అందులో భోజనం, ఆటో బేరం పోను గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూడటానికి సరిపోతుంది. బొర్రా గుహలు కుదరవు. అవి అరకు నుంచి రోడ్డు మీద 35 కిలోమీటర్లకు పైనే, అదీ ఘాట్ రోడ్డు. చలికాలంలో ఐదున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో సగం ఘాట్ చీకట్లోనే గడుస్తుంది. కింది నుంచి వచ్చే రైలు ఆలస్యమైతే పిల్లలు ప్లాట్‌ఫాం మీదే నిద్రపోతారు.

దీనికి విరుగుడుగా పర్యాటకాభివృద్ధి సంస్థ రైలు-రోడ్డు ప్యాకేజీ నడుపుతోంది. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు దారిలో బొర్రా చూపిస్తూ బస్సు. ఒక్కరోజే సెలవు దొరికిన వాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. కాకపోతే అది చూడటం, విశ్రాంతి కాదు. పెద్దవాళ్లు వెంట ఉంటే తెల్లవారుజామున లేచి రాత్రి దాకా బండి దిగుతూ ఎక్కుతూ ఉండటం శిక్షే.

కొండపై మకాం

పిల్లలు, పెద్దలు కలిసి వెళ్లేటప్పుడు అరకులోయ ఊళ్లోనే రెండు రాత్రులు ఉండటం మేలు. మొదటి కారణం, వెళ్లేరోజు రైలు రెండు గంటలు ఆలస్యమైనా కొంపలేమీ మునగవు. రెండోది, ఊళ్లో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి ఉంది, మందుల షాపులున్నాయి, ఆటోలు దొరుకుతాయి. టైడాలో జంగిల్ బెల్స్, అనంతగిరిలో హరిత రిసార్ట్ అడవికి ఇంకా దగ్గర. ప్రశాంతత కోసమైతే అవే బాగుంటాయి. అయితే అక్కడ రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే వాహనం వెతుక్కోవాలి. సొంత కారు లేని కుటుంబానికి అరకులోయే సురక్షితం.

బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగిపోయి, గుహలు చూసుకుని, రోడ్డు మీద అనంతగిరి కాఫీ తోటల మీదుగా అరకు చేరే పద్ధతి చాలామంది చెబుతారు. దూరం కలిసొస్తుంది, నిజమే. కానీ సూట్‌కేసులతో గుహల మెట్లు దిగలేరు. సామాను పెట్టుకోవడానికి ముందే జీపు మాట్లాడుకుంటేనే ఆ పని చేయండి.

విశాఖ స్టేషన్‌లో బండి మారే చోట

కూచిపూడికి రైల్వే స్టేషన్ లేదు. పామర్రు మీదుగా గుడివాడకో, విజయవాడకో వెళ్లి రైలెక్కాలి. మచిలీపట్నం నుంచి గుడివాడ మీదుగా విశాఖకు రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. తెల్లారేసరికి విశాఖలో దిగి, అక్కడే కిరండూల్ పాసింజర్ ఎక్కేయవచ్చని అనిపిస్తుంది. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది కదా అని చాలామంది ఇలాగే ప్లాన్ వేస్తారు. మొదటి బండి ఆలస్యమైతే రెండోది దొరకదు, ఆ టికెట్ డబ్బులూ పోతాయి.

ఈ నష్టానికి రైల్వేలో ఒక రక్షణ ఉంది, వాడేవాళ్లు తక్కువ. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లను అనుసంధానం చేసుకోవచ్చు. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి రైలు దిగే స్టేషన్, రెండో రైలు ఎక్కే స్టేషన్ ఒకటే కావాలి. అప్పుడు మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, వాడుకోని ఆ ప్రయాణానికి రీఫండ్ అడగవచ్చు. డబ్బు వస్తుంది గానీ ఆరోజు అరకు మాత్రం రాదు. అందుకని ఉదయం రత్నాచల్ లాంటి పగటి రైలెక్కి విశాఖ చేరి, ఆ రాత్రి అక్కడ ఉండి, మర్నాడు పొద్దున కొండెక్కడమే మా సలహా. విశాఖలో మకాం వేయాల్సింది ఆ ఒక్క రాత్రికే.

అద్దాల పెట్టె గురించి రెండు మాటలు. 2017 ఏప్రిల్ 16న దేశంలో మొదటి విస్టాడోమ్ కోచ్ ఈ మార్గంలోనే మొదలైంది. అందులో రాయితీలు వర్తించవు, పిల్లలకూ పూర్తి చార్జీయే. నలుగురి కుటుంబానికి రెండువైపులా వేసుకుంటే భారీగానే అవుతుంది. వెళ్లేటప్పుడు మాత్రమే తీసుకుని, వచ్చేటప్పుడు మామూలు పెట్టెలో రావడం తెలివైన పని, ఎలాగూ తిరుగు దారి సగం చీకటే. సీటు వెయిటింగ్ లిస్టులో ఉండిపోతే రిజర్వుడు పెట్టె ఎక్కనివ్వరు. ఇదే రైలుకు జనరల్ పెట్టెలూ ఉన్నాయి గానీ ఆదివారం, పండగ రోజుల్లో కాలు పెట్టే చోటుండదు. కుదిరితే మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

ఇంకో మార్పు కూడా గమనించాలి. 2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా చేస్తూ, కొత్తవలస-బచేలి మార్గాన్ని తూర్పు కోస్తా రైల్వేలోని కొత్త రాయగడ డివిజన్‌కు ఇచ్చింది. అంటే అరకు స్టేషన్ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా, విశాఖ కేంద్రంగా ఏర్పడే దక్షిణ కోస్తా జోన్‌లో ఉండదు. రైలెక్కేది ఒక జోన్‌లో, దిగేది మరో జోన్‌లో. అదనపు పెట్టెలు కావాలని అడిగేవాళ్లు ఇకపై ఎవరిని అడగాలన్నది చిన్న విషయమేమీ కాదు.

అరకు కిక్కిరిసిపోయింది, నల్లమల వెళ్దామంటారా? గిద్దలూరు-నంద్యాల మధ్య రైలు దట్టమైన అడవిలోంచే పోతుంది. చెలమ, దిగువమెట్ట లాంటి చిన్న స్టేషన్లు చూడముచ్చటగా ఉంటాయి. విచారమేమిటంటే అమరావతి ఎక్స్‌ప్రెస్ లాంటి మనవైపు రైళ్లు ఆ అడవిని రాత్రిపూట దాటతాయి. నంద్యాలలో దిగి మహానంది, అహోబిలం చూసే యాత్రకు ఆ ఊరు చక్కని మకాం. కిటికీలోంచి అడవి చూడాలనుకునే పిల్లలకు మాత్రం నిరాశే.

కొండపై గది బుక్ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఇది ఎవరిది? అరకు, అనంతగిరి మండలాలు షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు పుట్టింది కూడా బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల మీద వివాదం నుంచే. బినామీ పేర్లతో రిసార్టులు లేస్తున్నాయన్న ఫిర్యాదులు అక్కడ కొత్త కాదు. పర్యాటక సంస్థ హరిత గదులు లేదా స్థానిక గిరిజన కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలు తీసుకుంటే మీ డబ్బు ఎవరికి చేరుతోందో మీకు తెలుస్తుంది.

టికెట్ల విషయానికొస్తే, 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. తత్కాల్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే 2025 జులై నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఆ పని ఇవాళే చేసి పెట్టుకోండి. జనవరి 16న కొండెక్కాలనుకుంటే బుకింగ్ నవంబరు 17 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. విశాఖ-అరకు టికెట్ ముందు తీసుకోండి, అది ఖరారయ్యాకే గది అడ్వాన్సు కట్టండి. విజయవాడ-విశాఖ మధ్య రైళ్లు చాలానే ఉన్నాయి, ఆ టికెట్ చివర్న తీసుకున్నా దొరుకుతుంది.