కుండీ కింది పళ్లెం చూశారా?

వానలు మొదలవగానే నర్సరీల్లో 'దోమల మొక్క'లకు గిరాకీ పెరుగుతుంది. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా, తులసి, బంతి, రోజ్‌మేరీ... బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకుంటే చాలు, దోమలు ఆ ఛాయలకే రావని చెప్పి అమ్ముతారు. పిల్లలున్న ఇళ్లవాళ్లు డెంగీ భయంతో కొనుక్కెళతారు. వాళ్ల భయంలో తప్పు లేదు. కానీ వాళ్లకు చెప్పిన మాటలో సగమే నిజం. మిగతా సగం ఎవరూ చెప్పకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

నిజమైన సగం ముందు చెప్పుకుందాం. నిమ్మగడ్డిలో సిట్రాల్, సిట్రొనెల్లా గడ్డిలో సిట్రొనెల్లాల్, తులసిలో యూజినాల్ ఉంటాయి. ఈ ఘాటు దోమలకు గిట్టదు. నిమ్మవాసన వచ్చే జామాయిల్ రకం నుంచి తీసే మందును ఒంటికి రాసుకోవచ్చని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతోంది, మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం వద్దంటోంది. మన పల్లెల్లో పశువుల కొట్టాల్లో వేపాకు, వావిలాకు పొగ వేయడం వెనకా ఈ అనుభవమే ఉంది.

అయితే ఆ నూనె ఆకు లోపల దాగి ఉంటుంది. ఆకును నలిపినా, కాల్చినా, బట్టీపెట్టి నూనె తీసినా బయటికొస్తుంది. కుండీలో ఊరికే నిలబడ్డ మొక్క నుంచి గాలిలో కలిసేది లేశమంతే. దోమేమో మన ఊపిరిని, చెమట వాసనను, ఒంటి వేడిని పట్టుకుని వస్తుంది. ఆ లేశపు వాసన దాన్ని ఆపలేదు. అమెరికా, కెనడాల్లో 'సిట్రోసా' పేరుతో దోమల మొక్కగా అమ్మిన జెరేనియం రకాన్ని 1990లలో శాస్త్రవేత్తలు ఆరుబయట పరీక్షించారు. మొక్క పక్కన ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ దోమకాటులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా దోమలు ఆ ఆకుల మీదే వాలి సేదదీరాయి.

అసలు ప్రమాదం మొక్క కింద ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు అక్కర్లేదు. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు, మనీప్లాంట్ పెట్టిన సీసా, తామర తొట్టి, మూలన పడేసిన ఖాళీ కుండీ దానికి చాలు. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది. గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటిస్తుంది. నీళ్లు ఒంపేసినా అవి నెలల తరబడి ఎండి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే పారబోస్తే సరిపోదు, పీచుతో రుద్ది కడగాలి. ఇది పగటిపూట కుట్టే దోమ. సాయంత్రం వేసే ధూపంతో దీని బెడద తీరదు.

మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆ తరవాత ఆయన ఏళ్ల తరబడి పోరుపెట్టింది నిలవ నీటి మీదే: దోమ పుట్టే చోటును లేకుండా చేయాలని. ఆ కనుగోలు జరిగిన గడ్డ మీద మనం దోమను వాసనతో తరిమి, పుట్టే చోటును వదిలేయడం తగదు.

మొక్కలు మానేయమని కాదు, తప్పకుండా పెంచండి. నిమ్మగడ్డి దుబ్బు చీల్చి ఎండ తగిలే చోట నాటితే సులభంగా బతుకుతుంది, టీలోకీ పనికొస్తుంది. ఒంటికి పడుతుందో లేదో చూసుకుని, ఆకు నలిపి చేతులకు రుద్దుకుంటే కాసేపు ఉపశమనం దొరుకుతుంది. పసిపిల్లలకు మాత్రం రాయకండి. మూసిన గదిలో ఆకుల పొగ వేయకండి, ఊపిరితిత్తులకు చేటు. పొదలు దట్టంగా పెరగకుండా కత్తిరించండి, దోమలు తలదాచుకునేది ఆ నీడలోనే. పళ్లెంలో ఇసుక నింపండి. తామర తొట్టిలో గంబూసియా చేపలో గప్పీలో వదలండి. మొక్కలు అమ్మేవాళ్లు కూడా కుండీతోపాటు ఈ నాలుగు మాటలూ చెప్పి పంపాలి.

ఏడిస్ దోమ సాధారణంగా పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం ఎగరదు. మిమ్మల్ని కుట్టేది చాలావరకు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టిన దోమే. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పే మాటను పెడచెవిన పెట్టకండి. వారానికోసారి మిద్దెతోటలోని ప్రతి పళ్లేన్నీ ఎత్తి, నీళ్లు పారబోసి, రుద్ది బోర్లించండి. పక్కింటివాళ్లతోనూ చేయించండి.