అరాక్నీ చేసిన తప్పేమి?

యవన గాథలలో అరాక్నీ యను నేతకత్తె కథ యొకటి కలదు. గర్వము కూడదను నీతికి దృష్టాంతముగా దానిని చెప్పుట పరిపాటి. ఆ నీతి ఆ కథకు చెల్లదని మా వాదము. నేతయే కులవృత్తిగా గల మన కుటుంబములవారు ఈ విషయమున ఊరకుండరాదు.

ముందు కథను సరిగా చూతము. రోమను కవి ఓవిడు రెండువేల యేండ్ల క్రిందట దీనిని తన కావ్యమున చెప్పెను. అరాక్నీ లిడియా దేశపు బాలిక. తండ్రి ఉన్నికి రంగులద్దువాడు. వంశముచేత గాక పనితనముచేతనే ఆమెకు పేరు వచ్చెను. ఆ విద్య ఎథీనా దేవి పెట్టిన భిక్షయని ఒప్పుకొనక ఆమె పోటీకి నిలిచెను. దేవి తన వస్త్రమున దేవతల వైభవమును నేసెను. అరాక్నీ దేవతలు మానవకాంతలను వంచించిన తీరును నేసెను. ఆ నేతలో దేవికి ఒక్క లోపమైనను కనబడలేదు. అందుకే ఆమె ఆ వస్త్రమును చించివేసెను. నాడెతో బాలికను నుదుట కొట్టెను. అవమానము సహింపక ఉరివేసికొన్న అరాక్నీని సాలెపురుగుగా మార్చెను.

అరాక్నీ గర్వించినమాట నిజమే. కాని తీర్పు చెప్పవలసినది గుడ్డపైన గాని గర్వముపైన కాదు. గుడ్డను గెలువలేనివారే గుణమును ఎన్నుదురు.

మన భాషయు సాలెవానికిని ఆ పురుగునకును ఒకే పేరు పెట్టినది. అందు శాపపు వాసన లేదు. పనితనపు గుర్తింపే కలదు. మార్కండేయుని కుమారుడైన భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని పద్మశాలీల ఐతిహ్యము. అక్కడ నేతగాడు దేవతలకే దాత.

ఆకాశము మాత్రము అరాక్నీకి న్యాయము చేసినది. 1895 అక్టోబరు 13న జర్మనీలోని హైడెల్బర్గునందు మాక్స్ వుల్ఫ్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు కుజ గురు గ్రహముల నడుమ తిరుగు చిన్న గ్రహము నొకదానిని కనుగొనెను. 407వ సంఖ్య గల దానికి అరాక్నీ యని పేరు. ఆయన ఛాయాచిత్రముల సాయమున వీనిని వెదకెడివాడు: పలకపై నక్షత్రములు చుక్కలుగా నిలువగా, చిన్న గ్రహము పోగుముక్కవలె గీతగా పడును. ఎథీనాకు మారుపేరైన పాలస్ 1802లోనే ఆకాశమెక్కినది. నేడు దేవియు నేతకత్తెయు ఒకే పట్టీలో సూర్యుని చుట్టు తిరుగుచున్నారు.

ఇక మన కామత్‌ఘర్ సంగతి. కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చిన మనవారు భివండీ సాంచలవద్ద కాళ్లు వాచునట్లు నిలిచి ఎంత గుడ్డ నేసిరి! దానిపై నేసినవాని పేరున్నదా? కూలి మీటరు లెక్కన. మచ్చ పడినచో కోత. లోపము కనబడిననాడు నేతగాడెవడని వెదకుదురు. లోపములేని తానునకు ఎవ్వరును వెదకరు. సిరిసిల్ల నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడెడి చీరను నేసెను గనుక ఆయన పేరు మనకు తెలిసినది. నిత్యము కట్టెడి బట్టను నేసినవారి పేర్లు ఎవరికి తెలియును?

పిల్లలు కంప్యూటర్లముందు కూర్చుండుచుండగా ఆ కూలి బ్రతుకును తవ్వనేల యని కొందరందురు. పిల్లలు సాంచను విడుచుట తప్పు కాదు. తాతను పేరు లేనివానిగా విడుచుటయే తప్పు. పడుగేదో పేకయేదో ఎరుగని మనుమడు, తన చదువునకు ఫీజు కట్టినది ఆ పోగులేయని ఎట్లు ఎరుగును?

సంచికలలో దాతల పేర్లను విరాళములతోసహా అచ్చువేయుచున్నారు, మంచిదే. ఇకమీదట సాంచ నడిపినవారి పేర్లును, వారు ఏ యూరినుండి ఏ యేట వచ్చి ఏమి నేసిరో ఆ వివరమును అచ్చువేయవలెను. వారు బ్రతికియుండగనే అడిగి వ్రాయవలెను. కుజునికావల ఒక రాతిగుండు నేతకత్తె పేరు మోయుచుండగా, కామత్‌ఘర్ నేతగానికి కాగితముమీదనైనను పేరు దక్కకుండుట మనకు చెల్లునా?