త్యాగం కాదు, కొలువు

సైకిలు పందేలను గురించి రాసేవారు, మాట్లాడేవారు ఒక మాటను అరగదీస్తున్నారు. ఆ మాట ‘త్యాగం’. జట్టు నాయకుడికి తన చక్రం ఊడదీసి ఇచ్చినవాడిది త్యాగం. రోజంతా ఎదురుగాలికి రొమ్మొడ్డి తొక్కినవాడిది త్యాగం. గెలవగలిగి ఉండి కూడా ఆగిపోయినవాడిది మహాత్యాగం. జీవితమంతా మాటలను నమ్ముకుని బతికిన తెలుగు పండితుణ్ణి గనుక ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మాట మీదనే కాదు, ఆ మాట చాటున జరిగిపోతున్న వ్యవహారం మీద కూడా.

ఈ ఆటతో పరిచయం లేని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. టూర్ ద ఫ్రాన్స్ వంటి మహాపందెం మూడు వారాలపాటు 21 దశలుగా సాగుతుంది. ఒక్కొక్క జట్టు తరఫున ఎనిమిదిమంది దిగుతారు. 2017 వరకు తొమ్మిదిమంది దిగేవారు. సాధారణంగా జట్టంతా ఒక్క నాయకుడి విజయం కోసం తొక్కుతుంది. ముందువాడి వెనుక నక్కి తొక్కేవాడికి గాలి తాకిడి తగ్గి సుమారు మూడోవంతు శ్రమ మిగులుతుంది. ఆటలోని రాజనీతి అంతా ఈ చిన్న సూత్రం మీదనే నిలబడి ఉంది. కనుక మైదానంలో గాలిని చీల్చేవాడొకడు. వెనుక వచ్చే జట్టు కారు దాకా జారి, నీళ్ళసీసాలు చొక్కాలో కుక్కుకుని మళ్ళీ ముందుకు మోసుకొచ్చేవాడొకడు. కొండ మొదట్లో వేగం పెంచి ప్రత్యర్థుల ఊపిరి తీసేవాడొకడు. ముందుగా దూసుకుపోయిన గుంపులో చేరి, కొండ అవతల నాయకుడి కోసం కాచుకునేవాడు మరొకడు. 2025లో ఇటలీ పందెం జిరోలో ఫినెస్త్రే కనుమ దాటిన తరువాత సైమన్ యేట్స్‌కు వౌట్ వాన్ ఆర్ట్ అందించిన సాయం ఇదే. యేట్స్ ఆ పందెం గెలిచాడు.

ఈ సహాయకులకు వివిధ భాషలవారు పెట్టిన పేర్లు చూడండి. ఫ్రెంచివారు ‘దొమెస్తిక్’ అన్నారు. అంటే ఇంటి నౌకరు. 1911 టూర్‌లో తాను గెలిచే ఆశ వదులుకుని ఇతరులకు సాయపడబోయిన మోరిస్ బ్రోకోను పందెం నిర్వాహకుడు ఆన్రి దెగ్రాంజ్ ఈసడిస్తూ వాడిన మాట అది. తిట్టే కాలక్రమాన పదవి పేరైంది. ఇటాలియన్లు ‘గ్రెగారియో’ అంటారు; మందలో ఒకడైన సామాన్య సైనికుడు. జర్మన్లది మరీ సూటి: ‘వాసర్‌ట్రేగర్’, నీళ్ళు మోసేవాడు. మనకు కొత్త మాట పుట్టించే శ్రమ లేదు. ‘బంటు’ ఉండనే ఉంది. కాల్బలంలో సైనికుడూ బంటే, నమ్మిన సేవకుడూ బంటే, చదరంగంలో ముందు వరుసన నిలబడేదీ బంటే. ఇకపై ఆ మాటే వాడతాను.

ఎవరికి ఎవరు బంటు అన్నది రోడ్డు మీద అప్పటికప్పుడు పుట్టే ఆలోచన కాదు. డిసెంబరు, జనవరి మాసాలలో చాలా జట్లు స్పెయిన్ తీరాన శిబిరాలు వేస్తాయి. ఇంచుమించు 30 మంది ఉండే పెద్ద జట్టుకు ఏడాది పొడుగునా ఎవరి పని ఏమిటో ఆ చలికాలంలోనే చాలావరకు తేలిపోతుంది. జనవరిలో ఆస్ట్రేలియా, మార్చి ఏప్రిల్ నెలల్లో బెల్జియం, ఫ్రాన్సుల రాళ్ళబాటలు, మేలో ఇటలీ, జులైలో ఫ్రాన్స్, ఆగస్టు సెప్టెంబరులలో స్పెయిన్. ఎవరు ఎక్కడ నాయకుడు, ఎవరు ఎప్పుడు ఎత్తైన కొండల మీద సాధన చేయాలి, ఎవరు ఎన్ని రోజులు తొక్కాలి అన్నీ లెక్క ప్రకారమే. నాయకుడి కాళ్ళు జులైకి పదునెక్కాలంటే బంటు కాళ్ళూ జులైకే పదునెక్కాలి. అంటే మేలో తనకు అనువైన పందెంలో తన కోసం తొక్కే అవకాశం ఆ బంటుకు డిసెంబరులోనే మూసుకుపోయిందన్నమాట.

ఇది త్యాగమెట్లా అవుతుంది? త్యాగానికి కర్త ఇచ్చేవాడు. ఇక్కడ కర్త పట్టిక రాసినవాడు. దీనికి సరైన పేరు కొలువు. కొలువుకు జీతం ఉంటుంది, గడువు ఉంటుంది, హక్కు ఉంటుంది. త్యాగానికి ఇవేవీ ఉండవు. అందుకే యజమానికి త్యాగమన్న మాట అంత ప్రీతి.

ఈ ఆటలో నిజమైన త్యాగమే లేదని నేననను. 1934 టూర్‌లో పిరనీ పర్వతాల మీద నాయకుడు ఆంతొనాన్ మాన్ చక్రం చెడితే, ఇరవై ఏళ్ళ రెనె వియెతో తన ముందు చక్రం తీసి ఇచ్చి, రోడ్డు పక్క గోడ మీద కూర్చుని కన్నీరు పెట్టుకున్నాడు. మరునాడు మాన్ వెనుక చిక్కుపడ్డాడని తెలిసి, వచ్చిన దారినే వెనక్కి మళ్ళి తన సైకిలునే ఇచ్చాడు. మాన్ గెలిచాడు. వియెతోకు దక్కింది ఐదో స్థానం. ఆ తరువాత కూడా అతడు ఎన్నడూ టూర్ గెలవలేదు. వెనక్కి మళ్ళిన ఆ క్షణాన నిర్ణయం అతడిది. దాన్ని త్యాగమనండి, నేనూ చేతులు జోడిస్తాను. కాని ఆ కుర్రవాడి కన్నీటి ఫొటో చూపించి డిసెంబరు పట్టికకు పవిత్రత అంటగడితే ఒప్పుకోను.

త్యాగమన్న మాట మనిషిని ఎంతగా కుంచింపజేస్తుందో 1952 టూర్‌లో కనబడింది. ఫాస్తో కోప్పీకి బంటైన ఆంద్రియా కారెయా, ఒక దశలో ముందు గుంపుతో వెళ్ళి అనుకోకుండా పసుపు జెర్సీకి అర్హుడయ్యాడు. నాజీల బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన మనిషి అతడు. అటువంటివాడు ఆ జెర్సీని చూసి సంతోషించలేక, నాయకుడు ఏమనుకుంటాడోనని ఏడ్చాడు. మరునాడే కోప్పీ ఆ జెర్సీ తీసుకున్నాడు. కోప్పీ కోపగించలేదు, నిజమే. కాని గెలిచినందుకు క్షమాపణ అడగవలసిన కొలువు ఎటువంటి కొలువు?

ఈ మాటలోని కిటుకు నాకు బడి నేర్పింది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే తెలుగు పీరియడు లెక్కల మాస్టారి పాలయ్యేది. ‘పంతులుగారూ, పిల్లల కోసం కాస్త త్యాగం చెయ్యాలి’ అనేవారు నేను పనిచేసిన ఒక బడిలో ప్రధానోపాధ్యాయులు. జూన్‌లో టైంటేబులు వేసేనాడే ఆ గంట లెక్కలదని రాసి ఉంటే, దానికి బదులు మరో గంట అడిగి ఉండేవాణ్ణి. త్యాగమన్నారు గనుక బదులు అడగడమే నీచమైపోయింది.

ఇక అంగ్లీరు కొండ సంగతి. స్పెయిన్ ఉత్తరాన ఉన్న ఈ నిట్టనిలువు కొండ ఒకే విషయానికి రెండుసార్లు సాక్ష్యం చెప్పింది. 2011 వుయెల్తాలో క్రిస్ ఫ్రూమ్ ఈ కొండ మీద నాయకుడు బ్రాడ్లీ విగిన్స్‌ను అంటిపెట్టుకుని ఉండిపోయాడు. హువాన్ హోసె కోబో ముందుకు పోయి అగ్రస్థానం తీసుకున్నాడు. చివరికి ఫ్రూమ్ 13 సెకన్ల తేడాతో రెండోవాడయ్యాడు; విగిన్స్ మూడోవాడు. తరువాత కోబో ఉత్ప్రేరకాల దోషం తేలి, 2019లో ఆ విజయం ఫ్రూమ్ పేరిట రాశారు. కాగితం మీద న్యాయం జరగడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ 13 సెకన్లు పట్టికదా, ఫ్రూమ్‌దా అని లెక్క తేల్చినవారు లేరు.

రెండోసారి 2023లో. సెప్ కస్ ఆ ఏడు జంబో-విస్మా జట్టు తరఫున ఇటలీలో ప్రిమోజ్ రోగ్లిచ్‌ను, ఫ్రాన్సులో యోనాస్ వింగెగార్డ్‌ను గెలిపించిన బంటు. స్పెయిన్‌లో ఎరుపు జెర్సీ అతడి ఒంటి మీదికే వచ్చింది. అంగ్లీరు మీద ఆ నాయకులిద్దరూ అతణ్ణి వెనుక వదిలి వెళ్ళిపోయారు. అతడి ఆధిక్యం 8 సెకన్లకు కరిగింది. ఆ తరువాతనే అందరూ కస్ కోసం తొక్కాలని జట్టు నిర్ణయించింది. కస్ గెలిచాడు, వింగెగార్డ్ రెండు, రోగ్లిచ్ మూడు. బంటు చివరి గడికి చేరితే మంత్రి అవుతుందన్నది చదరంగంలో నియమం. ఎవరి దయా అక్కరలేదు. కస్ విషయంలో ఆ నియమం ఆట మధ్యలో, చివరి వారంలో రాయవలసివచ్చింది. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

‘అందరూ అందలమెక్కితే మోసేవారెవరు?’ అని అడిగేవారుంటారు. సామెత నిజమే. జట్టుకు నాయకుడు కావాలి, మాట వినేవారూ కావాలి. నాయకుడు బహుమతి సొమ్ము జట్టువారికి పంచిపెట్టే సంప్రదాయం కూడా ఈ ఆటలో ఉంది. అయితే అందలం మోసే బోయీలు కూడా భుజం మార్చుకునేవారు, కూలి ముందే మాట్లాడుకునేవారు. మహాభారతంలో శల్యుణ్ణి చూడండి. కర్ణుడి రథం తోలమంటే మొదట మండిపడ్డాడు. తోలడానికి ఒప్పుకున్నప్పుడు, తన నోటికి వచ్చింది అనే స్వేచ్ఛ తనకుండాలని షరతు పెట్టాకనే పగ్గాలు పట్టాడు. అతడు ఆ షరతును వాడుకున్న తీరు వేరే సంగతి. షరతు పెట్టే హక్కు సారథికి ఉందని వ్యాసుడికి తెలుసు. ఏకలవ్యుణ్ణి బొటనవేలు అడిగిన కథను, అడిగినవాడి ఊసెత్తకుండా శిష్యుడి త్యాగమని మాత్రమే చెప్పేవారికి శల్యుడు గుర్తుకు రాడు.

నేను కోరేవి మూడు. డిసెంబరు పట్టికలో ప్రతి బంటుకూ, ఎంత చిన్నదైనా సరే, తన కోసం తాను తొక్కే పందెం ఒకటి పేరు పెట్టి రాయాలి. దారిలో బంటే ముందంజలో ఉంటే ఏం చేయాలో పందెం మొదలుకాకముందే తేల్చి, అతడి ఎదుటనే చెప్పాలి. మూడోది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య చేయవలసినది. జట్లు అగ్రశ్రేణిలో నిలవాలంటే మూడేళ్ళ పాయింట్లు లెక్కకు వస్తాయి. 2022 చివర రెండు జట్లు అలాగే కిందికి జారాయి. ఆ పాయింట్లు గీత దాటిన స్థానాన్ని బట్టి వస్తాయి. 150 కిలోమీటర్లు గాలిని చీల్చి, ఆనక వెనుకబడి వచ్చినవాడి ఖాతాలో సున్న. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. సహాయానికి కొలత కట్టడం కష్టమంటారు. ప్రతి పెడల్ తాకిడినీ వాట్లలో కొలిచి దాచుకునే ఆటకు ఆ మాట శోభించదు.

నాయకుడి పక్కన బంటు పేరు కూడా చెక్కమని నేనడగడం లేదు. అతడిది కొలువని ఒప్పుకోండి, కొలువుకు చెల్లవలసినవి చెల్లించండి. త్యాగమన్న మాటను వియెతో వంటివారి కోసం అట్టిపెట్టండి. అది చవకగా వాడవలసిన మాట కాదు. కాదనే మిత్రులెవరైనా ఉంటే వ్యాఖ్యలలో వాదించండి. సమాధానం చెప్పడానికి నాకు తీరికా ఉంది, ఓపికా ఉంది.